పులిరాజాకు పిల్లలు పుడతారా?

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ బాధ్యులకు

బోధన్ పట్టణం నుంచి ఒక మందుల దుకాణదారు రాయునది.



పోయిన నెల ఒక రాత్రి, షట్టరు సగం దించాక, ఒకాయన వంగి లోపలికొచ్చాడు. ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. పేరు, ఊరు, చేసే పని చెప్పను. చొక్కా లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి కౌంటర్ మీద పెట్టాడు. అందులో రక్తంలో హెచ్‌ఐవీ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టులు, మూడేళ్లవి, ఉన్నాయి. మడతల దగ్గర కాగితం చిరిగితే అంటించిన టేపు పసుపు పచ్చబడింది. మూడింటి మీదా ఒకే మాట: టార్గెట్ నాట్ డిటెక్టెడ్, వైరస్ కనబడలేదని. "అన్నా, గిది మంచిదా చెడ్డదా?" అన్నాడు. మంచిదే అన్నాను. "ఎంత మంచిది?" అన్నాడు.

జవాబు నాకు తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు. ఆ జవాబును నమ్ముకుని ఒక ఇంట్లో ఆలుమగలు ఏళ్ల తర్వాత ఒకే మంచం మీద పడుకుంటారు, ఒక బిడ్డను కంటారు. అంత బరువైన మాటను రాత్రి తొమ్మిదిన్నరకు, ఏ డాక్టరు సంతకమూ లేకుండా, జ్వరం గోలీలు అమ్ముకునేవాడు చెప్పవచ్చా? చెప్పాల్సినవాళ్లు మీరు కాదా?

ఆయన భార్యకు హెచ్‌ఐవీ లేదు. పిల్లలు లేరు. ఒకసారి ధైర్యం చేసి ఒక డాక్టరును అడిగాడట, పిల్లల సంగతి ఏందని. "బతికున్నవ్ గదా, గది సాలదా?" అన్నారట. ఎవరన్నారో, ఎక్కడన్నారో నేను అడగలేదు, మీరూ ఆరా తీయొద్దు. ఆ మాట ఒక్కరిది కాదు. చాయ్ హోటల్లో అంటారు, చుట్టాలిళ్లల్లో అంటారు, పదేళ్ల కింద నేనూ అన్నాను. ఊరంతా ఒక్కటే మాట అంటున్నప్పుడు, అది తప్పని అందరికీ వినబడేటట్టు చెప్పగలిగేది సర్కారు ఒక్కటే. ఆ సర్కారు గొంతు ఎందుకు పెగలడం లేదు?

మీకు గొంతు లేక కాదు. 2000ల తొలి ఏళ్లలో ఉమ్మడి రాష్ట్రంలో "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని రోడ్ల పొడుగునా హోర్డింగులు కట్టించినప్పుడు, ఆ పులిరాజా ఎవరో ఎవరికీ తెలియకపోయినా ఆయన పేరు తెలియని మనిషి లేడు. బస్సుల్లో ఒకరినొకరు అడిగారు, పెళ్లిళ్లలో బావమరుదులను ఏడిపించారు, బడి పిల్లలు ఆటల్లో పాడుకున్నారు. జనం నోట్లో మాట పెట్టడం మీకు చేతనవునని అప్పుడే తేలిపోయింది. మరి వచ్చాక పులిరాజా ఏమయ్యాడు? 2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. పులిరాజా చావలేదు. ఒళ్లు చేశాడు, మళ్లీ స్టీరింగు పట్టాడు, చెరుకు లోడు ఎత్తాడు. ఇవాళ ఆయన నా కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు. ఆయనకు పెళ్లవుతుందా? పిల్లలు పుడతారా? పడకటింట్లో ఆయన ఒళ్లు ఆయన మాట వింటుందా? ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటైనా ఏ గోడ మీదైనా రాయించారా? ఏటా డిసెంబరు 1న నా దుకాణం ముందు నుంచి ఎర్ర రిబ్బన్ల ర్యాలీ పోతుంది. ఇన్నేళ్లలో ఒక్క ప్లకార్డు మీద కూడా నాకు ఆ ముచ్చట కనబడలేదు.

2021 అంచనాల్లో దేశంలో వయోజనుల హెచ్‌ఐవీ శాతం 0.21 అయితే తెలంగాణది 0.47. అంటే దేశ సగటుకు రెట్టింపు పైచిలుకు. కాబట్టి నేను రాసేది అరుదైన ఒకరిద్దరి ఇంటి గోడు కాదు.

"ఎంత మంచిది?" అన్న ప్రశ్నకు జవాబు లోకానికి పాతబడిపోయింది. మందుతో వైరస్ అణిగిన మనిషి నుంచి జోడీకి సోకదన్న మాట 2008లో స్విట్జర్లాండ్ వైద్యులు మొదట అన్నప్పుడు తోటి డాక్టర్లే విరుచుకుపడ్డారు. 2011లో హెచ్‌పీటీఎన్ 052 పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో 1,763 జంటలు. ఒకరికి వైరస్ ఉండి, మరొకరికి లేనివాళ్లు. తొమ్మిది దేశాల నుంచి తీసుకున్న ఆ జంటల్లో మన చెన్నై, పుణె వాళ్లూ ఉన్నారు. మందు ముందే మొదలుపెట్టిన వర్గంలో జోడీకి సోకడం 96 శాతం తగ్గింది. 2016లో యూరప్ నుంచి పార్ట్‌నర్ పరిశోధన వచ్చింది. నిరోధ్ లేకుండా జంటలు కలిసిన సందర్భాలు 58 వేలని లెక్కగట్టారు. మందులతో వైరస్ అణిగిన మనిషి నుంచి ఆ మనిషి జోడీకి సోకిన కేసు ఒక్కటీ దొరకలేదు. 2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి రాసింది: రోజూ మందు మింగుతూ వైరస్ కనబడని స్థాయిలో ఉన్నవాళ్ల నుంచి లైంగికంగా సోకే ముప్పు సున్నా. రక్తం మిల్లీలీటరుకు వెయ్యి కాపీల లోపు ఉన్నా దాదాపు సున్నాయే. సున్నాకు తెలుగులో ఇంకో అర్థం లేదు కదా?

ఇంకొక మాట కూడా జనానికి తెలియదు. తండ్రి నుంచి కడుపులో బిడ్డకు హెచ్‌ఐవీ నేరుగా పోదు. తల్లికి సోకితేనే బిడ్డకు. తల్లికి సోకకపోతే బిడ్డ సంగతి అడగక్కర్లేదు. గర్భిణికి పరీక్షలు చేసి, అమ్మ నుంచి బిడ్డకు సోకకుండా ఆపే పనిలో మీరు ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. ఆ పనికి దండం పెడతాను. కానీ ఆ లెక్కలో మగవాడు ఎక్కడున్నాడు? రోగాన్ని తెచ్చినవాడిగా ఉన్నాడు, పరీక్షకు పిలిపించాల్సిన 'పార్ట్‌నర్'గా ఉన్నాడు. తండ్రి కావాలనుకునే మనిషిగా ఒక్క గడిలోనైనా ఉన్నాడా? మీ శాఖ పేరులోనే కుటుంబ సంక్షేమం ఉంది. ఈయనది కుటుంబం కాదా?

ఈ మౌనానికి కిస్తీలు కట్టేది ఎవరో చెప్తాను. ఆయన ఇంటామె. పెళ్లయి ఏళ్లయినా కడుపు పండలేదని అత్తగారి తరఫు వాళ్లు ఆమెను గొడ్రాలంటున్నారు. శుభకార్యాల్లో బొట్టు పెట్టే పళ్లెం ఆమె చేతికివ్వరు. ఆమె ఒక్క మాట అంటే చాలు, నింద మొగుడి మీదికి పోతుంది. అనదు. మొగుడి గుట్టు కాపాడటానికి గొడ్రాలి పేరు మోస్తోంది. ఊళ్లో పది మంది ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుడుతూ, "ఈసారన్న ఏమన్న ఉన్నదా?" అని వాళ్లు అడిగితే తల అడ్డంగా ఊపుతోంది. మగవాడి ఆరోగ్యం గురించి ఉత్తరం రాస్తూ ఆడదాని గోడు ఎందుకు చెప్తున్నావంటారేమో. మగవాడి మంచం ముచ్చట మీరు మాట్లాడకపోతే ఆ బరువంతా పోయి పడేది ఆడదాని నెత్తి మీదే కాబట్టి.

ఇట్లా బాహాటంగా చెప్తే మగవాళ్లు విచ్చలవిడి అయిపోతారని మీలో కొందరి భయం. నాకు ఆ భయం అర్థమవుతుంది. భార్యకు చెప్పకుండా దాచిపెట్టే మొగుళ్లు నా దగ్గరికీ వస్తారు. వాళ్లను నేను వెనకేసుకురాను, భార్యకు తెలిసి తీరాలి. కానీ ఒక్కటి ఆలోచించండి. పరీక్ష చేయించుకుంటే పెళ్లీ లేదు, పిల్లలూ లేరు, ఇక కాటికి కాళ్లు చాపుకోవడమేనని నమ్మే కుర్రవాడు మీ ఐసీటీసీ పరీక్ష కేంద్రం గడప తొక్కుతాడా? మందు మింగితే ఇల్లు నిలబడుతుందని తెలిస్తే తొక్కుతాడా? ఒక్కపూట కూడా గోలీ తప్పకుండా వేసుకోవడానికి పుట్టబోయే బిడ్డను మించిన కారణం ఏముంటుంది?

ఇక హెపటైటిస్ బి. హెచ్‌ఐవీ గురించైనా ఏడాదికోసారి ర్యాలీ ఉంది, దీనికి అదీ లేదు.

దీని ముచ్చట మా ఊరి ఫ్యాక్టరీ నుంచి మొదలుపెట్టాలి. మా నాయన ఇక్కడి నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పని చేశాడు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీని ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లం. 2015 డిసెంబరులో లాకౌట్ పడింది. చెరుకు ఉన్నప్పుడే ఇక్కడి నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లుండేవారు, అది పోయాక ఇంకా పెరిగారు. ఆర్మూర్, భీమ్‌గల్, బాల్కొండ వైపు అయితే దుబాయ్ పోని ఇల్లు వెతకాలి. పోవాలంటే గల్ఫ్ మెడికల్ ఉంటుంది. రక్తంలో హెచ్‌ఐవీ గాని, హెపటైటిస్ బి గాని, సి గాని తేలితే కాగితం మీద 'అన్‌ఫిట్' అని వస్తుంది. మా జిల్లాలో చాలామంది మగవాళ్లకు తమ ఒంట్లో ఒక వైరస్ ఉందని మొదటిసారి తెలిసేది డాక్టరు ద్వారా కాదు, ఏజెంటు ద్వారా. ఏజెంటు ఫోన్ చేసి "నీకు బి వచ్చింది, మెడికల్ అవుట్" అంటాడు. అంతే కౌన్సెలింగ్.

అట్లా అవుటయిన ఒక కుర్రవాడు నా దగ్గరికొచ్చాడు. వడ్డీకి తెచ్చిన పైసలు పోయాయి. అది ఎయిడ్స్‌కు తమ్ముడులాంటిదని ఎవరో చెప్పారట. ఇంట్లో తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాడు. భార్యను పుట్టింటికి పంపాడు. కామెర్లకు పసరు పోసే మనిషి దగ్గరికి మూడు ఆదివారాలు పోయొచ్చాడు. ఊళ్లోవాళ్లు మాత్రం, ఎక్కడో తిరిగి తెచ్చుకున్నాడని తేల్చేశారు. ఆ కుర్రవాడికి ఎవరైనా చెప్పాలి కదా: ఈ వైరస్ పసికందుగా ఉన్నప్పుడు సోకితే నూటికి తొంభై మందిలో జీవితాంతం నిలిచిపోతుంది, పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మందిలో దానంతటదే పోతుంది. అంటే ఒంట్లో ఏళ్లుగా నిలిచిపోయిన వైరస్ చాలావరకు పుట్టుకతోనో పసితనంలోనో వచ్చినదే. ఆ కుర్రవాడు పుట్టిన కాలానికి సర్కారు టీకాల్లో ఈ టీకా లేదు. తిరుగుబోతు అన్న మచ్చ చెరిగిపోవడానికి ఈ రెండు అంకెలు చాలవా?

ఇంకా చిన్న మాట ఉంది. కంచాలు, గ్లాసులు వేరు పెట్టుకోనక్కర్లేదు. భార్యకు రక్త పరీక్ష చేయించి, లేదని తేలితే మూడు డోసుల టీకా వేయించాలి: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. అది పట్టిందని తేలేదాకా నిరోధ్. ఆ తర్వాత మామూలు కాపురం. బిడ్డ పుడితే 24 గంటల లోపు మొదటి టీకా. మగవాడు ఈ వైరస్‌ను అణచే టెనోఫోవిర్ గోలీలు వాడుతుంటే, తండ్రి కావాలని దాన్ని మానాల్సిన పనిలేదు. మానేస్తేనే ప్రమాదం, కాలేయం ఒక్కసారిగా ఎదురు తిరుగుతుంది. ఇంతే. 1997 ఆగస్టులో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారు దేశంలోనే మొదటిసారి ఈ టీకాను జన్యు సాంకేతికతతో తయారుచేసి చవకగా బజారుకు తెచ్చారు. మన దేశపు టీకా పుట్టింది మన దగ్గర. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారయ్యే హెచ్‌ఐవీ మందులు ఆఫ్రికా దాకా పోతున్నాయి. బోధన్ కుర్రవాడి ఇంటామెకు మూడు సూదులు వేయించుకోమని చెప్పే నోరు మాత్రం కరువైంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మీ చేతుల్లోనే ఉంది. గల్ఫ్ మెడికల్‌లో అవుటయినవాణ్ని నేరుగా ఆ కార్యక్రమంలోకి తెచ్చే దారి ఒకటి వేయలేరా? ఏజెంటు ఫోను తర్వాత మీ ఫోను ఒకటి పోలేదా?

హెపటైటిస్ సి గురించి ఒక్క మాటతో సరిపెడతాను, ఎందుకంటే పన్నెండు వారాల గోలీలతో చాలామందికి నయమైపోతోంది. కాలేయం బాగా చెడినవాళ్లకు కొందరికి రిబావిరిన్ కూడా కలిపి ఇస్తారు. అది వాడినవాడు, మందు ఆపిన తర్వాత కూడా ఆరు నెలలు భార్య గర్భం దాల్చకుండా చూసుకోవాలి. లేకపోతే బిడ్డకు అవకరాల ముప్పు. మందుతో పాటు వచ్చే కాగితంలో ఈ హెచ్చరిక ఉంటుంది, ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

మగతనం గోలీలు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మాను. నా ఒక్కడి దుకాణమే కాదు అని తప్పించుకోను. చాలా ఏళ్ల కింద ఒకాయన వచ్చి, గొంతు తగ్గించి, "గా గోలీ ఇయ్యి" అన్నాడు. సిల్డెనాఫిల్ వంద మిల్లీగ్రాములది ఇచ్చాను. ఏమైనా మందులు వాడుతున్నావా అని అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదేమో. మర్నాడు ఆయన తమ్ముడొచ్చాడు. అన్న రాత్రి కళ్లు తిరిగి పడిపోయాడని చెప్పి, నేనేదో విషం అమ్మినట్టు చూశాడు. తర్వాత తెలిసింది, ఆయన వాడుతున్నది అటాజనావిర్, రిటోనావిర్ ఉన్న రెండో వరుస హెచ్‌ఐవీ మందు. రిటోనావిర్ ఉన్న ఒంట్లో సిల్డెనాఫిల్ తొందరగా కరిగిపోదు, రక్తంలో ఎన్నో రెట్లు పేరుకుపోతుంది, బీపీ పడిపోతుంది. అట్లాంటి మనిషికి 48 గంటల్లో 25 మిల్లీగ్రాములు దాటనివ్వకూడదు. అదృష్టం, బతికాడు. నేను ఆనాటి నుంచి అడగకుండా ఇవ్వడం లేదు. అడిగితే వెనక్కి తిరిగి ఇంకో దుకాణానికి పోతున్నారు.

ఎందుకు పోతున్నారు? మీ కేంద్రంలో అడిగే చోటు ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. గోలీలు ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు, బరువు చూస్తారు, దగ్గు ఉందా అని అడుగుతారు. మంచం సంగతి అడుగుతారా? హెచ్‌ఐవీతో ఏళ్లుగా బతికే మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గడం మామూలు మగవాళ్లకన్నా ఎక్కువ. బెంగ ఒకటి, రాత్రి నిద్ర లేకపోవడం ఒకటి, సోకుతుందేమోనన్న భయం ఒకటి. పాత మందుల్లో ఎఫావిరెంజ్ వాడిన కొందరికి రొమ్ములు ఉబ్బేవి. చొక్కా విప్పడానికి సిగ్గుపడి చెరువులో ఈతకు దిగడం మానేసినవాళ్లు నాకు తెలుసు. పైగా వయసు మీద పడుతోంది, షుగరు వస్తోంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఊళ్లో చక్కెర పోయింది గానీ షుగరు మాత్రం ఇంటింటికీ ఉంది. వీటిలో ఏది కారణమో తేల్చేది డాక్టరు. ఆ డాక్టరు దాకా పోవడానికి ఒక్క ప్రశ్న చాలు, అదీ అటువైపు నుంచి రావాలి. "అంతా మంచిగున్నదా ఇంట్ల?" అంటే చాలు. మగవాడు తనంతట తాను అడగడు. నా కౌంటర్ ముందు ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, వాడు విక్స్ డబ్బా కొని, చిల్లర తీసుకుని, మెట్టు దిగి, మళ్లీ వెనక్కొచ్చి అప్పుడు అడుగుతాడు.

మీ ఆఫీసు భాషలో ఒక తమాషా ఉంది. ఏఆర్‌టీ అంటే మా పులిరాజాకు ప్రాణం పోసిన మందు. పట్టణాల్లో బోర్డులు పెట్టిన సంతాన సాఫల్య కేంద్రాల వాళ్లకూ ఏఆర్‌టీ అంటే బిడ్డ పుట్టేలా చేసే విద్య. రెండింటికీ అవే మూడు అక్షరాలు. మొదటి ఏఆర్‌టీ గదిలో ఉన్నవాడికి రెండో ఏఆర్‌టీ గదికి దారి ఉందా? 2023 అక్టోబరులో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం తెరిచారు. సంతోషించాం. పైసలున్నవాళ్ల విద్య పేదలకూ అందుతుందనుకున్నాం. బోధన్ నుంచి వైరస్ ఉన్న మగవాడు, ఆయన భార్య చేయి పట్టుకుని అక్కడికి పోతే లోపలికి రమ్మంటారా? రమ్మనేటట్టయితే ఆ మాట మీ ఏఆర్‌టీ కేంద్రాల గోడ మీద ఎందుకు లేదు? 2021 నాటి సంతాన సాఫల్య చట్టం వీర్యదాతలకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు తప్పనిసరి చేసింది, చేయాల్సిందే. కానీ తన సొంత బిడ్డను తన భార్యతో కనాలనుకునే మొగుడి ముఖాన తలుపు వేయమని అది చెప్పలేదు కదా?

విద్య కూడా కొత్తది కాదు. వైరస్ వీర్య ద్రవంలోనూ అందులోని ఇతర కణాల్లోనూ ఉంటుంది. ఈదే వీర్యకణాలను వాటి నుంచి వేరుచేసి కడిగి భార్య గర్భంలో పెట్టే పద్ధతి గురించి ఇటలీలోని మిలాన్ వైద్యుడు ఎన్రికో సెంప్రిని 1992లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. వైరస్‌కు సరైన మందే లేని రోజులవి. మందు ఉన్న ఈ రోజుల్లో చాలా జంటలకు ఆ కడుగుడు కూడా అక్కర్లేదు. కానీ కణాలు తక్కువున్నవాళ్లకు, ఇంకో లోపం ఉన్నవాళ్లకు అవసరం పడుతుంది. జిల్లా కేంద్రంలో నెలకు ఒక్క రోజు, ఒక్క గది, ఒక మైక్రోస్కోపు, మగవాడి ముచ్చట వినే ఒక డాక్టరు. ఇది చందమామను అడగడమా?

చట్టం ఏమంటోందో మీకు గుర్తు చేయాల్సి రావడం బాగుండదు. అయినా చేస్తాను. 1998లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, హెచ్‌ఐవీ ఉన్నవాడి పెళ్లి హక్కు ప్రస్తుతానికి ఆగిపోయినట్టేనంది. నాలుగేళ్లకు, 2002 డిసెంబరులో, ఆ మాట అప్పటి కేసుకు అవసరం లేనిదని తనే వెనక్కి తీసుకుంది. దేశంలో పెద్ద కోర్టు తన మాటను దిద్దుకుంది. చాయ్ హోటల్ ఇంకా 1998లోనే ఉంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం వైద్యం నిరాకరించకూడదంటోంది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలంటోంది. రాష్ట్రంలో అంబుడ్స్‌మన్‌ను మీరే నియమించాలి, ఫిర్యాదు అందిన ముప్ఫై రోజుల్లో తేల్చాలి. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో సందు సందుకు ఆసుపత్రే. వాటిలో ఎన్నింటి గోడల మీద ఆ అధికారి పేరు రాసుందో చూడటానికి మీ ఇన్‌స్పెక్టర్ ఒకరు ఒక పూట నడిస్తే చాలదా? అంబుడ్స్‌మన్ ఫోన్ నంబరు ఏమిటో ఈ లేఖ చదివినవాళ్లలో ఎంతమంది చెప్పగలరు?

మా జిల్లాకు ఇట్లాంటి వెలి కొత్త కాదు. డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టింది. నిజామాబాద్ దాత నర్సాగౌడ్ అండగా నిలిచాడు. ఊళ్ల నుంచి తరిమేసినవాళ్లు నడుచుకుంటూ అక్కడికి చేరారు. కుష్ఠును పూర్తిగా నయం చేసే మందుల కలయిక 1980ల తొలినాళ్లలో వచ్చింది. కుష్ఠు ఉందని విడాకులు ఇవ్వవచ్చన్న మాటను మన చట్టాల నుంచి తీసేసింది 2019లో. మందుకూ చట్టానికీ మధ్య దాదాపు నలభై ఏళ్లు, ఎన్ని కాపురాలో. ఈసారి చట్టమూ వచ్చింది, మందూ ఉంది. ఇంకా దేనికోసం ఆగారు?

చెన్నైలో 1986లో దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులను బయటపెట్టిన డాక్టర్ సునీతి సొలొమన్ తర్వాతి కాలంలో ఏం చేశారో తెలుసా? తన దగ్గరికి వచ్చే రోగులకు సంబంధాలు చూశారు. ఎత్తు, చదువు, కులం, ఒంట్లో రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 లెక్క అన్నీ అడిగి జోడీలు కుదిర్చారు. సాక్షాత్తూ పెళ్లిళ్ల పేరమ్మ. 2015లో పోయారు. మిమ్మల్ని అంత అడగడం లేదు. సంబంధాలు మేం చూసుకుంటాం.

నేను అడిగేది ఒక కాగితం. మీ కౌన్సెలర్లకు సమయం లేదంటారు, నిజమే, బయట వరుస నేను చూశాను. అందుకే ఆ కాగితం మీద ఏం రాయాలో మా భాషలో నేనే రాసిస్తున్నాను, తప్పులుంటే మీ డాక్టర్లు దిద్దండి:

"ఇగో తమ్మీ, నీ రక్తంల వైరస్ కనబడ్తలేదు. గోలీలు తప్పకుండ మింగినన్ని దినాలు, రిపోర్టు ఇట్లనే ఉన్నన్ని దినాలు, నీ నుంచి నీ ఇంటామెకు సోకది. ఆమెకు సోకకుంటె బిడ్డకు సోకుడన్నదే లేదు. పిల్లలు గావాలంటె మాకు చెప్పు. ఆర్నెల్లు రిపోర్టు మంచిగుండాలె. సుఖవ్యాధులేమన్న ఉంటె ముందు నయం జేసుకోవాలె. ఇంటామెకు నీ సంగతి తెల్వాలె, ఆమెను పరీక్షకు తోల్కరా, ఆమె సరే అంటెనే. నెలల ఏ దినాలు చూసుకోవాల్నో నర్సమ్మ చెప్తది. ఏడాదైనా నిలువకుంటె వీర్య పరీక్ష జేద్దాం, అవసరమైతె పెద్ద దవాఖానకు మేమే చీటి రాసిస్తం. మగతనం తగ్గినట్టనిపిస్తె షాపుల కొనుక్కోకు, ఈడ అడుగు. సిగ్గువడకు, నీ అసొంటోళ్లు మస్తుమంది అడిగిన్రు."

చదవడానికి ఒక నిమిషం పట్టింది. వైరల్ లోడ్ రిపోర్టు వెనక అచ్చేస్తే వేరే కాగితం ఖర్చు కూడా లేదు. హెపటైటిస్ బి కోసం ఇంకో నాలుగు వాక్యాలు: కంచం వేరు వద్దు, ఇంటామెకు మూడు సూదులు, బిడ్డకు పుట్టిన దినమే టీకా, గోలీలు ఆపకు. అది గల్ఫ్ ఏజెంట్ల ఆఫీసుల్లో అంటించండి.

వచ్చే నెల ఆ రిపోర్టుల కవరు మనిషి మళ్లీ వస్తాడు. మందులు మీ దగ్గరే తీసుకుంటాడు, నా దగ్గరికి ఆ ఒక్క ప్రశ్న కోసమే వస్తాడు. ఈసారి ఇంటామెను కూడా తీసుకొస్తానన్నాడు. షట్టరు సగం దించి, లోపల రెండు కుర్చీలు వేసి ఉంచుతాను. అప్పటికి మీ శాఖ ముద్ర ఉన్న కాగితం నా కౌంటర్ మీద ఉంటుందా? అచ్చు వేయించేటప్పుడు ఉర్దూలో కూడా వేయించండి. మహారాష్ట్ర సరిహద్దులోని సాలూర నాకా అవతలి నుంచి వచ్చేవాళ్లకు మరాఠీలో కొన్ని. అక్షరాలు పెద్దవిగా ఉండనివ్వండి, దుకాణంలో ఆ పూట ఒక్క బల్బే వెలుగుతుంటుంది.

ఇట్లు,
బోధన్ నుంచి ఒక మందుల దుకాణదారు